గొడవంతా గుమ్మాల దగ్గరే: చిన్నపిల్లలతో బయటికెళ్ళడం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండీ. వెనకున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే. పిల్లల్ని ఒళ్ళో నొక్కిపట్టి కూర్చోబెట్టకండి, వదిలేయండి, తిరగనివ్వండి, ఈ హాల్లో పగిలేవేం లేవు. మధ్యలో ఎవరైనా ఏడ్చినా నేనేం అనుకోను. ఏళ్ళ తరబడి డేకేర్‌లో పనిచేస్తున్నదాన్ని, ఇంట్లో మళ్ళీ ఇద్దరున్నారు, నాకు ఏడుపు వినపడకపోతేనే కంగారు.

నన్ను మాట్లాడమన్నది చిన్నపిల్లలతో బయటికెళ్ళడం గురించి. టాపిక్ పెద్దదే గానీ నేను చెప్పేది మాత్రం ఒక్కటే విషయం. పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్ళొచ్చి "బాబోయ్ చుక్కలు చూపించాడండీ" అని చెప్తారు కదా, అప్పుడు నేను ఎక్కడ, ఎప్పుడు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. అడిగితే ఆడుకుంటున్నప్పుడు గొడవ చేశాడని దాదాపు ఎవ్వరూ చెప్పరు. బయల్దేరేటప్పుడు చెప్పులేసుకోనన్నాడు, బండి ఎక్కనన్నాడు, ఎక్కాక దిగనన్నాడు, పార్కులోంచి రానని కింద పడి దొర్లాడు, ఇంటికొచ్చాక స్నానానికి రానని పేచీ పెట్టాడు, ఇవే చెప్తారు. చూశారా, గొడవంతా గుమ్మాల దగ్గరే జరుగుతోంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి, ఒక పని నుంచి ఇంకో పనికి మారే దగ్గర. మనమేమో మూడు రోజుల ముందు నుంచి ఎక్కడికెళ్దాం, ఏం చూద్దాం అని తెగ ఆలోచిస్తాం, ఈ గుమ్మాల గురించి మాత్రం ఒక్క నిమిషం ఆలోచించం. అందుకే ఇవాళ ఎక్కడికి తీసుకెళ్ళాలో నేను చెప్పను, అది మీ ఇష్టం, మీ ఓపిక, మీ జేబు.

అసలు వాళ్ళకి మారడం ఎందుకంత కష్టం? మనకైతే ఇది ఆపేస్తే అవతల ఇంకోటి ఉందని తెలుసు, బుర్రలో ముందే అక్కడికి వెళ్ళిపోతాం. రెండేళ్ళ పిల్లకి ఉన్నది ఇప్పుడు చేస్తున్న పని ఒక్కటే. చేస్తున్నదాన్ని ఆపి మనసు తిప్పుకుని ఇంకోదాని మీద పెట్టడం అనేది మెదడు ముందు భాగం చేయాల్సిన పని, అదే నుదురు వెనకాల ఉండేది, అది పూర్తిగా తయారవ్వడానికి 25 ఏళ్ళ దాకా పడుతుందని చెప్తారు, మన దగ్గర కూర్చున్నాయనకేమో ఇంకా మూడు కూడా నిండలేదు. (నవ్వులు) దానికితోడు కాసేపట్లో, సాయంత్రం, రేపు, ఈ మాటలన్నీ నాలుగైదేళ్ళు వచ్చేదాకా గజిబిజిగానే ఉంటాయి. మా చిన్నదానికి జరిగిపోయిందంతా నిన్నే, పోయిన నెల వచ్చిన జ్వరం కూడా నిన్నే వచ్చింది. అలాంటి మనిషికి "పది నిమిషాల్లో బయల్దేరుతున్నాం" అంటే ఏం అర్థమవుతుంది చెప్పండి.

సరే, మొదటి గుమ్మం ఇంటిదే. ఇక్కడ మనమేం చేస్తామంటే బ్యాగు సర్దేసి, నీళ్ళ సీసా పెట్టేసి, ఫ్యాన్లు ఆపేసి, తాళం చేతిలో పట్టుకుని అప్పుడు పిలుస్తాం, రా రా షూ వేసుకో టైమైపోయింది అని. మనకి అది ఆఖరి పని, వాళ్ళకి మొదటిది. మీరెప్పుడైనా రెండున్నరేళ్ళ పిల్ల షూ వేసుకోవడం పక్కన కూర్చుని చూశారా? కింద చతికిలబడుతుంది. షూ తీసుకుని ముందు లోపలికి తొంగి చూస్తుంది. పైన అతుక్కునే పట్టీ ఉంటుంది కదా, దాన్ని చర్రుమని లాగుతుంది, ఆ చప్పుడు బావుంటుంది, అందుకని మళ్ళీ అతికించి మళ్ళీ లాగుతుంది. తర్వాత కాలు పెడుతుంది, బొటనవేలు లోపలికెళ్తుంది, మిగతావి బయటే ఉండిపోతాయి. మళ్ళీ పెడుతుంది. ఈసారి కాలు దూరుతుంది గానీ మడమ దగ్గర షూ లోపలికి మడతపడిపోతుంది, దాన్ని తొక్కుకునే లేచి నిలబడి నవ్వుతుంది, అప్పుడు చూస్తే అది ఎడమ కాలి షూ, ఉన్నది కుడి కాలికి. మనం ఆగలేక చెయ్యి పెట్టామా, అయిపోయింది, "నేనే" అని మొత్తం పీకేసి మళ్ళీ మొదటి నుంచి.

దీనికి నేను చేసేదేంటంటే ఆ షూ కార్యక్రమాన్ని ఆఖర్లోంచి తీసి మొదట్లో పెట్టేస్తాను. ముందు వాళ్ళ షూస్, తర్వాత మన సర్దుడు. వాళ్ళు ఆ చర్రు చర్రు చేసుకుంటుండగా మన బ్యాగు సర్దడం అయిపోతుంది. ఇల్లంతా షూస్‌తో తిరుగుతారు, నేలకి మట్టి అంటుతుంది, అంటనివ్వండి, తుడుచుకోవచ్చు. ఇంకోటి, "వెళ్దామా?" అని మాత్రం అడక్కండి, వద్దు అంటారు, అడిగారు కాబట్టే అంటారు. వెళ్తున్నాం అన్నది మన నిర్ణయం, అందులో వాళ్ళ ఓటు లేదు, కాకపోతే నీలం చొక్కానా ఎర్రదా, మెట్లు దిగుతావా లిఫ్ట్ బటన్ నొక్కుతావా, ఇలాంటి చిన్నచిన్నవి వాళ్ళకి వదిలేస్తే వాళ్ళ మాట కూడా చెల్లిందని వాళ్ళకనిపిస్తుంది. లిఫ్ట్ బటన్ విషయంలో జాగ్రత్త, ఇద్దరు పిల్లలుంటే అది ఆస్తి తగాదా కింద లెక్క, ఎవరి వంతో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి.

గుమ్మం దాటాం. ఇప్పుడు నడక. న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఉన్నారు, పసిపిల్లలు నడక ఎలా నేర్చుకుంటారన్నదే ఆవిడ పని. 2012లో వాళ్ళు లెక్కపెట్టి చెప్పిందేంటంటే 12 నుంచి 19 నెలల మధ్య పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు సగటున గంటకి 2,368 అడుగులు వేస్తారంట, గంటకి 17 సార్లు పడతారంట. పడటం, లేవడం, మళ్ళీ వెళ్ళడం. తర్వాత వాళ్ళే ఇంకోటి కూడా చూశారు, ఈ పిల్లలు నడిచే నడకల్లో చాలావాటికి గమ్యమే ఉండదని, బయల్దేరతారు, మధ్యలో ఎక్కడో ఆగిపోతారు, అక్కడ వస్తువూ ఉండదు మనిషీ ఉండడు. అంటే నడవడం కోసమే నడుస్తున్నారు. నాకు ఇది చదివాక చాలా హాయిగా అనిపించింది, ఎందుకంటే మనకి గేటు నుంచి జారుడుబల్ల దాకా ఉన్న దారి కేవలం దారి, పిల్లకి మాత్రం పార్కు అంటే ఆ దారే. మధ్యలో చీమల బారు ఉంటుంది, నీళ్ళ పైపు లీకవుతుంటుంది, మ్యాన్‌హోల్ మూత మీద గుంతలుంటాయి, వాటిల్లో వేలు పెట్టాలి. మీరేమో "అక్కడ బోల్డు ఊయలలున్నాయి రా" అని లాక్కెళ్తున్నారు.

అందుకని ఒక రోజుకి ఒక చోటు చాలు, అందులోనూ ఒకటో రెండో చూస్తే చాలు. జూకి వెళ్తే జూ మొత్తం చూడాలని ఏం రూల్ లేదు. టికెట్ డబ్బులు గిట్టుబాటు అవ్వాలని ఎర్రటెండలో నాలుగు గంటలు తిప్పుతారు, ఆఖరికి పిల్లాడు పావురాన్ని చూసి సంతోషపడతాడు, మీకేమో మండుతుంది, పావురం ఇంటి దగ్గర కూడా ఉంది కదా అని. వాడికి ఏనుగైనా పావురమైనా ఒకటే, పావురం ఇంకా నయం, వెంటబడితే ఎగురుతుంది.

టైమ్ సంగతి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వాళ్ళు 2016లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, పగటి కునుకు కూడా అందులోనే. మీ పిల్లలు ఎప్పుడు పడుకుంటారో నాకన్నా మీకు బాగా తెలుసు. ఆ కునుకు టైమ్‌కి గంట ముందు ఎక్కడికి బయల్దేరినా సగం గొడవ మీరే కొని తెచ్చుకున్నట్టు. ఇంట్లో పెద్దవాళ్ళు "దార్లో బండిలో పడుకుంటాడులే" అంటారు, నిజమే పడుకుంటాడు, చేరే ముందు ఐదు నిమిషాలు పడుకుంటాడు, ఆ ఐదు నిమిషాలకి లేపితే ఇక చూడండి. అందుకే నిద్ర లేచి, కడుపులో ఏదో పడి, మొహం తేటగా ఉన్నప్పుడు బయల్దేరండి, మీకు వీలైన టైమ్‌కి కాకుండా. ఇది ఆఫీసులకి వెళ్ళేవాళ్ళకి చెప్పినంత తేలిక కాదు, నాకు తెలుసు. వారంలో ఒక రోజైనా అలా కుదిరితే అది చాలు.

స్ట్రోలర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం గైడ్‌లైన్స్ ఇచ్చింది. అందులో స్ట్రోలర్‌లో గానీ, ఎత్తు కుర్చీలో గానీ, వీపుకి కట్టుకునిగానీ ఒకేసారి గంటకి మించి కదలకుండా ఉంచొద్దన్నారు. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తమ్మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలన్నారు. 180 అనగానే కంగారు పడొద్దు, మీ వాడు సోఫా ఎక్కి దిగేదంతా కూడా లెక్కే.

ఇప్పుడొక మొహమాటం విషయం. సుస్సు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఇది చాలా ప్రోగ్రాములని పాడుచేసే విషయం. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక తేలిక లెక్క వాడతారు, పిల్లల వయసుకి 2 కలిపి 30తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. మూడేళ్ళ పిల్లకి అంటే 150. పెద్దవాళ్ళకి 400, 500 దాకా ఉంటుంది. పైగా ఆటలో పడితే వస్తోందన్న సంగతే పట్టించుకోరు, ఆఖరి క్షణంలో కాళ్ళు మెలికేసుకుని చెప్తారు, అప్పుడు మీ దగ్గర ఉండేది ఒకటి రెండు నిమిషాలు. అందుకని ఎక్కడికెళ్ళినా నేను ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకుంటాను, ఆ తర్వాతే మిగతావి. "వస్తోందా?" అని అడిగితే రావట్లేదనే అంటారు, కాబట్టి అడక్కుండా, బయల్దేరే ముందు ఒకసారి, చేరగానే ఒకసారి, తిరిగి వచ్చే ముందు ఒకసారి తీసుకెళ్ళిపోవడమే. ఇంకో చిన్న విషయం, వాటంతటవే ఫ్లష్ అయ్యే టాయిలెట్లకి చాలామంది పిల్లలు భయపడతారు, కూర్చోగానే గుయ్యిమంటుంది కదా, ఆ సెన్సర్ మీద చిన్న కాగితం ముక్క అంటించేస్తే ఊరుకుంటుంది.

కారులో, బస్సులో వాంతుల సంగతి చాలామంది అడుగుతుంటారు. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య బాగా కనిపిస్తుంది. కారణం ఏంటంటే చెవి లోపల కదలికని పట్టే భాగం ఒకటుంది, అది మనం కదులుతున్నాం అని చెప్తుంది, కళ్ళేమో ముందున్న సీటు వెనక భాగాన్నో ఫోన్‌నో చూస్తూ కదలట్లేదు అని చెప్తాయి, ఈ రెండు కబుర్లూ కలవక కడుపులో తిప్పుతుంది. ఫోన్, బొమ్మల పుస్తకం పక్కన పెట్టించి కిటికీలోంచి దూరంగా చూపించండి, కిటికీ కొంచెం దించండి, బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి, మరీ ఖాళీగానూ ఉంచకండి. కారు అన్నాను కాబట్టి ఇది నవ్వకుండా వినండి. ఆపిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరిగిపోతుంది, అద్దం కాస్త దించి ఉంచితే పెద్దగా తేడా ఉండదు, చిన్నపిల్లల ఒళ్ళు మన ఒంటికన్నా మూడు నుంచి ఐదు రెట్లు తొందరగా వేడెక్కుతుంది. నిద్రపోతోంది కదా, లేపడం ఎందుకు, ఇప్పుడే వచ్చేస్తాను అనుకునే దగ్గరే ప్రమాదం. లేపండి. ఏడిస్తే ఏడుస్తుంది.

సరే, చేరాం. చేరిన చోట నిజానికి పని తక్కువ. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి పిల్లల్ని తీసుకెళ్తారు, అక్కడికెళ్ళాక "కలిసి ఆడుకోండి, ఆ బొమ్మ తమ్ముడికివ్వు" అని వెనకాల పడతారు. మిల్డ్రెడ్ పార్టెన్ అని పిల్లల ఆటల మీద పరిశోధన చేసిన ఒకావిడ 1932లోనే రాశారు పిల్లల ఆటల్లో మెట్లుంటాయని. ఒంటరిగా ఆడటం, పక్కవాళ్ళని చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళాడుకోవడం, ఆ తర్వాతెప్పటికో కలిసి ఆడటం. రెండు రెండున్నరేళ్ళ పిల్లలిద్దరు ఇసకలో వీపు వీపు ఆనించుకుని ఎవరి గొయ్యి వాళ్ళు తవ్వుకుంటుంటే వాళ్ళు కలిసి ఆడుతున్నట్టే, మధ్యలో దూరి స్నేహం కలపాల్సిన పని లేదు. మీరు హాయిగా మాట్లాడుకోండి, కళ్ళు మాత్రం వాళ్ళ మీదుంచండి, ముఖ్యంగా నీళ్ళున్న చోట. మునిగిపోతున్న పిల్ల అరవదు, చేతులు ఊపదు, చప్పుడే ఉండదు, అంగుళం రెండంగుళాల నీళ్ళు కూడా చాలు. నీళ్ళ దగ్గర ఎవరు చూస్తున్నారో పేరు పెట్టి చెప్పుకోండి, ఇప్పుడు నువ్వు చూడు, ఇప్పుడు నేను చూస్తున్నాను అని. అందరూ చూస్తున్నారంటే ఎవ్వరూ చూడట్లేదనే.

ఇక అసలు గుమ్మం. తిరిగి రావడం. ఇది దాటితే మీరు గట్టివాళ్ళే.

ఇక్కడ అందరం చెప్పే మాట ఒకటుంది, "ఇంకో రెండు నిమిషాలు, అంతే". యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు 2016లో ఒక స్టడీ చేశారు, ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లల దగ్గర టీవీ, ట్యాబ్ ఆపేటప్పుడు ఏం జరుగుతోందో చూశారు. వాళ్ళూ అనుకోని విషయం బయటపడింది. రెండు నిమిషాల్లో ఆపేస్తాను అని ముందే చెప్తే గొడవ తగ్గాల్సింది పోయి పెరిగిందంట. రోజూ ఉండే అలవాటు ప్రకారం ఆగితేనో, వీడియో దానంతటదే అయిపోతేనో మాత్రం పెద్దగా పేచీ లేకుండా వచ్చేశారు. అది స్క్రీన్ గురించి చేసిన స్టడీయే గానీ నాకు మైదానంలోనూ అచ్చం ఇదే కనపడుతుంది. రెండు నిమిషాలు అంటే ఎంతో తెలియని మనిషికి మనం చెప్తున్నదల్లా "నీ ఆట లాక్కోబోతున్నాను, రెడీగా ఉండు" అనే. వాడు రెడీ అవుతాడు, యుద్ధానికి.

అందుకని టైమ్‌తో చెప్పకుండా పనితో చెప్పండి. "ఇంకో మూడుసార్లు జారి, బకెట్‌లో ఇసక కొట్టేసి, అప్పుడు గేటు దగ్గర పిల్లికి టాటా చెప్తాం." మూడు అంటే వేళ్ళ మీద కనపడుతుంది, ఒక్కో వేలు ముడవాలి, మూడోసారి జారాక నాలుగోసారి ఇంకొక్కటి అంటారు, అక్కడ మీరు ఒప్పుకున్నారంటే రేపట్నుంచి మూడు అంటే నాలుగు. రోజూ వెళ్ళే చోటైతే ఆఖరి పని ఎప్పుడూ ఒకటే ఉండేలా చూసుకోండి. మా ఇంట్లో ఆఖరి పని ఊయల, ఊయల ఎక్కారంటే ఇక ఇంటికే అని వాళ్ళకి తెలుసు, అందుకని ఊయల ఎక్కమంటే ముందు ఎక్కరు, తప్పించుకు తిరుగుతారు. (నవ్వులు) పర్లేదు, అంత తెలివి వచ్చిందని సంతోషించడమే. ఇంకో సంగతి, ఆట మంచి ఊపులో ఉండగా లేపడం కన్నా, ఒక ఆట అయిపోయి ఇంకోటి మొదలవ్వని ఆ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, అటూ ఇటూ చూస్తూ నిలబడతారు, అప్పుడు పట్టుకోండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి కింద పడి దొర్లుతారు. దొర్లుతారండీ, ఆ వయసు అది. పొటెగాల్, డేవిడ్‌సన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2003లో ఒకటిన్నర నుంచి ఐదేళ్ళ పిల్లల పేచీల్ని వాళ్ళ అమ్మానాన్నలు రాసిచ్చిన వివరాలతో నిమిషం నిమిషం చొప్పున చూశారు. ఎక్కువ పేచీలు 5 నిమిషాల్లోపే అయిపోతాయంట, మనకే అది గంటలా ఉంటుంది. అందులో కోపం, అంటే తన్నడం, అరవడం, విసరడం, మొదట్లోనే పైకి లేచి తగ్గిపోతుంది, బాధ, అంటే ఏడుపు, వెక్కిళ్ళు, ఒళ్ళోకి రావాలనుకోవడం, అది మొదట్నుంచి ఉండి చివరిదాకా సాగుతుంది. దీన్నిబట్టి మనకేం తెలుస్తోందంటే కోపం మీదున్నప్పుడు ఎంత వివరించినా ఒక్క ముక్క ఎక్కదు. "చూడు నాన్నా, రేపు మళ్ళీ వద్దాం, నేను ముందే చెప్పానా లేదా" ఇవన్నీ దండగ. పక్కన కింద కూర్చోండి, తలకి ఏం తగలకుండా చూడండి, తక్కువ మాట్లాడండి. అరుపు కాస్తా ఏడుపుగా మారినప్పుడు చేతులు చాస్తారు, అప్పుడు ఎత్తుకోండి, ఎత్తుకునే గేటు వైపు నడవండి. మనం చేసే పనేంటంటే చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని సిగ్గుపడి పిల్లల మీద గట్టిగా అరుస్తాం. నన్నడిగితే బయట పిల్లలకి పడే తిట్లలో సగం ఆ చూసేవాళ్ళ కోసం పడేవే. చూసేవాళ్ళకి ఒక మాట చెప్పనా, ఏమైనా సాయం చేయాలనుకుంటే ఆవిడ బ్యాగు పట్టుకోండి. "అయ్యో ఎందుకేడుస్తున్నావు, పోలీసు వస్తాడు" అనకండి. ఆ పిల్లాడు తప్పిపోయిన రోజున వెళ్ళాల్సింది ఆ పోలీసు దగ్గరికే.

ఇంటి గుమ్మం మళ్ళీ వస్తుంది. చేరగానే స్నానం, మార్చుకోవడం, తిండి అన్నీ ఒకేసారి మీద పడేయకుండా కాసేపు ఊరికే వదిలేయండి, షూస్‌తోనే కింద పడుకుంటారు, పడుకోనివ్వండి. డేకేర్‌లో కూడా ఇంటికెళ్ళే టైమ్‌కే ఎక్కువ ఏడుపులు, అమ్మని చూడగానే భోరుమంటారు, ఆ అమ్మలేమో మేమేదో చేశామనుకుంటారు పాపం. పగలంతా బిగబట్టుకున్నది తనవాళ్ళు కనపడగానే వదిలేస్తారు, అంతే.

ఇంక ఏమైనా అడగాలనుకుంటే అడగండి. ఆ, మీరు చెప్పండమ్మా.

ఆవిడ అడుగుతున్నది, క్యూలో నిలబడ్డప్పుడు, బస్సులో, ఫోన్ ఇస్తే తప్పా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్స్ అన్నాను కదా, అందులోనే ఉంది, రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంటకి మించొద్దు, ఇంకా తక్కువైతే మరీ మంచిది అని. నేను మిమ్మల్నేం కోప్పడను, గంటసేపు క్యూలో నిలబడితే ఎవరికైనా ఓపిక పోతుంది. కాకపోతే ఫోన్ ఇచ్చారంటే ఇంకో గుమ్మం కట్టుకున్నట్టే, వెనక్కి తీసుకునేటప్పుడు మళ్ళీ దాటాలి. ఇవ్వాల్సొస్తే దానంతటదే అయిపోయే చిన్న వీడియో ఒకటి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఒకదాని వెనక ఒకటి వచ్చేవి ఆపేసి. నా బ్యాగులో ఒక దారం ఉండ, నాలుగు బట్టల క్లిప్పులు, మూత పెట్టే ఖాళీ డబ్బా ఉంటాయి, వీటితో చాలాసేపు గడుస్తుంది, కొన్న బొమ్మలకన్నా ఇవే నయం.

వెనక సార్ అడుగుతున్నారు, జనంలో తప్పిపోతే ఏంటి అని. మంచి ప్రశ్న. బయల్దేరే రోజు పొద్దున్నే గుమ్మంలో నిలబెట్టి ఒక ఫోటో తీయండి, తల నుంచి కాలి దాకా. కంగారులో ఏ రంగు చొక్కా వేశామో మనకి గుర్తుండదు, ఆ ఫోటో చూపిస్తే చాలు. ఫోన్ నంబరు ముంజేతి మీద పెన్నుతో రాయండి, పేరు మాత్రం బయటికి కనపడేలా రాయొద్దు, పేరు పెట్టి పిలిచిన ప్రతివాళ్ళూ తెలిసినవాళ్ళే అనుకుంటారు పిల్లలు. మూడు దాటినవాళ్ళకైతే అమ్మ కనపడకపోతే ఎక్కడికీ వెళ్ళకుండా అక్కడే నిలబడి గట్టిగా అరవమని నేర్పండి, అమ్మా అని కాకుండా మీ పేరు పెట్టి, అమ్మా అంటే అక్కడున్న ఆడవాళ్ళందరూ తిరుగుతారు. సాయం అడగాలంటే పిల్లలతో ఉన్న ఇంకో అమ్మ దగ్గరికో, యూనిఫాంలో ఉన్నవాళ్ళ దగ్గరికో వెళ్ళమనండి. మీరు వెతికేటప్పుడు దగ్గర్లో చెరువు, కొలను, ఫౌంటెన్ లాంటిదేమైనా ఉంటే ముందు అక్కడే చూడండి. ఆ తర్వాతే ఊయలలూ, బొమ్మల కొట్లూ.

ఆఖరిది, ఇంకా మాట్లాడటం రాని పిల్లల్ని ఇంత కష్టపడి తిప్పడం ఎందుకు, పెద్దయ్యాక ఏం గుర్తుండదు కదా అంటున్నారు. గుర్తుండదు నిజమే. పెద్దవాళ్ళని అడిగితే అందరికన్నా పాత జ్ఞాపకం సాధారణంగా మూడు, మూడున్నరేళ్ళ దగ్గర మొదలవుతుంది, అంతకు ముందుది ఖాళీ. కానీ పిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ళకి గుర్తుంటుందండీ, రెండేళ్ళ పిల్ల నెలల కిందటి సంగతి చెప్తుంది. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ లాంటి సైకాలజిస్టులు 1990ల నుంచి దీని మీద పనిచేస్తున్నారు, జరిగిపోయినదాని గురించి పిల్లలతో వివరంగా మాట్లాడే అమ్మానాన్నల పిల్లలు తర్వాత్తర్వాత వాళ్ళ సంగతులు వాళ్ళే బాగా చెప్పగలుగుతారని చూశారు. అందుకని రాత్రి పడుకునేటప్పుడు "జూకి వెళ్ళామా? ఏనుగుని చూశామా?" అని పరీక్ష పెట్టకండి, దానికి ఆ అని తప్ప ఏం రాదు. "అప్పుడేమైంది? అది ఎలా నడిచింది? నువ్వెందుకు దాక్కున్నావు?" అని లాగండి. వాళ్ళు చెప్పినదానికి ఇంకో ముక్క మీరు కలపండి. మీరు చూపించింది వదిలేసి ఇంకేదో చెప్తారు, మా పెద్దవాడు మ్యూజియంకి వెళ్ళొచ్చి అక్కడ చేతులు ఆరబెట్టే మిషన్ గురించి వారం చెప్పాడు. అదే చెప్పించండి, అది ఎంత వేడిగా ఉంది, ఎలా అరిచింది, ముందు ఎవరు చెయ్యి పెట్టారు అని. మీ టికెట్ డబ్బులు అక్కడే వసూలవుతాయి.